చలి పరచిన బాట

మన పల్లెలలో బండి ప్రయాణమునకు గిట్టని కాలము వానకాలము. శ్రావణ భాద్రపదములలో ఇరుసుదాక దిగబడిన పుంతదారులే, వరికోతలు ముగిసి నేల ఆరిన పిమ్మట, పుష్య మాఘములలో ట్రాక్టర్లకును లారీలకును ఎదురులేని బాటలగును. ఈ సంగతి నెరిగిన మనకు, శీతకాలము దారులను తెరచునని ఎవరైన చెప్పిన అందు వింత తోపదు. కాని జనవరి మాసపు సగటు ఉష్ణోగ్రత మైనస్ 40 డిగ్రీలకు చేరువగా నుండు యాకుతియాలో సయితము, వేసవి పటమున దారియే కనరాని ఊళ్లకు నడి శీతకాలముననే లారీలు బారులు తీరి పోవుననియు, మంచు కరగు మే మాసము రాగానే ఆ దారులు మాయమగుననియు విన్నచో, మన అనుభవ మంతగా తోడురాదు. అంతటి చలిలో యంత్రములు మొరాయింపవలెను గదా! దారులు మూతపడవలెను గదా!

రష్యా దేశపు ఈశాన్య భాగమున నున్న యాకుతియా, వైశాల్యమున మన భారతదేశముతో ఇంచుమించు తులతూగును. జనసంఖ్య మాత్రము ఇంచుమించు పది లక్షలే. అచ్చట నేలక్రింద వందల మీటర్ల లోతువరకు మన్ను ఏడాది పొడవునను గడ్డకట్టియే యుండును. వేసవిలో పైపొర మాత్రము కొన్ని అడుగుల మేర కరగును. కరగిన నీరు లోనికి ఇంకుటకు గడ్డకట్టిన అడుగునేల అడ్డుపడును గనుక, ఎటు చూచినను చిత్తడియే, ఎటు పోయినను ఊబియే. రాజధానియైన యాకుత్‌స్క్ నగరముచెంత కిలోమీటర్ల వెడల్పున ప్రవహించు లేనా నదికి తరతరములుగా వంతెన లేదు. వేసవిలో బల్లకట్టులే గతి. అక్టోబరు దాటి చలి ముదిరిన కొలది ఈ ఊబులు, వాగులు, సరస్సులు, మహానదులు ఒక్కటొక్కటిగా ఘనీభవించి, ఏ ఇంజనీరును వేయకయే ఒక సమతలమైన మార్గమై నిలుచును. రష్యనులు దీనిని జిమ్నిక్, అనగా శీతకాలపు బాట, అందురు. నది గడ్డకట్టుచున్న వారములలోను, కరగుచున్న వారములలోను, పడవయు నడువదు, బండియు నడువదు. ఆ నడిమి కాలమున నగరమునకు రోడ్డు సంబంధమే తెగిపోవును.

ఇచ్చట పనిచేయు ధర్మ మొక్కటియే: మిక్కిలి చలిలో ద్రవములు గట్టిపడును. చక్రముక్రింద నున్న నీరు గట్టిపడిన అది ప్రయాణికునకు బాట; బండి లోపల నున్న డీజిలు, నూనె, రేడియేటరు నీరు, బ్యాటరీలోని ఆమ్లము గట్టిపడిన అది అతనికి ప్రాణాంతకము. చలి తనకు బాట పరచునట్లును, తన బండిని మాత్రము బిగింపకుండునట్లును చూచుకొనుటలోనే శీతకాలపు దూరప్రయాణికుని విద్య యంతయు నిమిడియున్నది.

తేలుచున్న వేదిక

గడ్డకట్టిన సరస్సుమీద లారీ పోవుచుండుటను తొలిసారి చూచువాడు, ఆ హిమఫలకము రెండు గట్లకు ఆనుకొని వంతెనవలె నిలిచియున్నదని తలచుట సహజము. వాస్తవ మది కాదు. ఫలకము నీటిపై తేలుచున్నది. నీరు గడ్డకట్టినపుడు వ్యాకోచించి, తన పరిమాణముతో సమానమైన నీటికంటె ఇంచుమించు పండ్రెండింట ఒకవంతు తేలికయగును. ఈ వింత గుణమే లేకున్నచో మంచుగడ్డ అడుగునకు మునిగిపోయి, ఉత్తర దేశములలో శీతకాలపు బాటయను మాటయే యుండెడిది కాదు. లారీ ఎక్కగానే ఫలకము దాని క్రింద స్వల్పముగా వంగును. వంగిన మేర నీరు ప్రక్కలకు తొలగును. తొలగింపబడిన నీరు తిరిగి పైకి నెట్టును. బరువును తుదకు మోయునది నీరే. ఫలకము చేయు పని యేమనగా, నాలుగు చక్రముల చోట పడిన బరువును ఎన్నో మీటర్ల వ్యాసముగల ప్రదేశముపై పంచి, ఆ మేరకు నీటి సాయమును కూడగట్టుట. ఆ పంపకములో వంగలేక విరిగినదా, కథ ముగిసినట్లే.

ఎంత మందమునకు ఎంత బరువు? ఇచ్చట ప్రకృతి ఉదారముగానే యున్నది. మందము రెండింతలైన మోయగల బరువు రెండింతలు గాక, ఇంచుమించు నాలుగింత లగును. నాలుగంగుళముల గట్టి ఫలకము మనుష్యుని నిశ్చింతగా మోయగా, సుమారు ఒక మీటరు మందము గలది 40 టన్నుల లారీని మోయును. కనుక శీతకాలపు బాటను వేయువారు మొదట చేయు పని బాట వేయుట కాదు, మంచుపొడిని ఊడ్చుట. ఫలకముపై పేరుకొన్న పొడిమంచులో గాలి చిక్కుకొనియుండుటచేత అది చలిని క్రిందికి దిగనీయదు. పైన ఎంతటి శీతమున్నను క్రింది ఫలకము పలుచగానే యుండిపోవును. ఆ పొడిని తొలగించినచో చలి ఫలకముగుండ దిగి దానిని అడుగునుండి పెంచును. తొందరయున్న చోట, ఫలకమునకు రంధ్రము చేసి, అడుగునీటిని పంపుతో తోడి పైన పారించి, పొరమీద పొరగా గడ్డకట్టింతురు.

ఈ విద్య మిక్కిలి శ్రద్ధతో సాగు చోట్లలో కెనడా ఒకటి. యెల్లోనైఫ్ పట్టణమునకు ఉత్తరమున నున్న వజ్రపు గనులకు పోవు టిబ్బిట్–కాంట్వాయ్‌టో బాటను 1982 మొదలు ఏటేట క్రొత్తగా నిర్మించుచున్నారు. వందల కిలోమీటర్ల ఆ మార్గములో నూటికి ఎనుబదియైదు పాళ్లకు పైగా గడ్డకట్టిన సరస్సులమీదనే పోవును. జనవరి చివర తెరచి మార్చి చివర మూయుదురు. ఆ రెండు మాసములలోనే గనులకు ఏడాదికి చాలు ఇంధనము, సిమెంటు, యంత్రములు చేరవలెను. ముందుగా తేలికపాటి బండ్లు రాడారు పరికరముల నీడ్చుకొనిపోయి మందమును కొలుచును. ఆ కొలతలు చూచిన పిదపనే ఎంత బరువు వదలవచ్చునో నిర్ణయింతురు. ఇంతటి మార్గమున నిండు లారీలకు విధించిన వేగపరిమితి గంటకు 25 కిలోమీటర్లు. ఎదుట అడ్డు లేదు, మలుపు లేదు, ఎద్దు లేదు, మనిషి లేడు. అయినను సైకిలుమీద పోవు కుర్రవాడు దాటిపోగల వేగము! ఏల?

ఫలకము క్రింది అల

ఈ ప్రశ్నకు సమాధానము రక్తము చిందిన ఒక చరిత్రలో నున్నది. 1941వ సంవత్సరమున జర్మను సేనలు లెనిన్‌గ్రాడు నగరమును ముట్టడించి, దానికి వచ్చు భూమార్గముల నన్నింటిని తెగగొట్టగా, నగరవాసులకు మిగిలిన దారి లడోగా సరస్సొక్కటియే. నవంబరులో సరస్సు గడ్డకట్టుట కెదురుచూచి, 22వ తేదీని మొదటి లారీల వరుసను సుమారు 30 కిలోమీటర్ల ఆ హిమఫలకముపై నడిపిరి. అవి టన్నున్నర బరువు మోయు చిన్న లారీలు. ఫలకము విరిగినచో వెలుపలికి దుముకుటకు వీలుగా డ్రైవర్లు తలుపులు తెరచియుంచి ఆ శీతములో నడపిరి. ఆ ఒక్క శీతకాలమున ఆ బాటమీద మూడున్నర లక్షల టన్నులకు పైగా సరకు నగరమునకు చేరెను. ఐదు లక్షలకు పైగా జనులు వెలుపలికి తరలింపబడిరి. దానికి ప్రజలు పెట్టిన పేరు జీవనమార్గము.

అందు ఒక చిక్కు తోచెను. బాంబులు పడకున్నను, మందము చాలినట్లే యున్నను, కొన్ని లారీలు మునిగిపోవుచుండెను. లెనిన్‌గ్రాడు భౌతిక సాంకేతిక సంస్థకు చెందిన పావెల్ కొబెకో అను శాస్త్రజ్ఞుడును, అతని సహచరులును, ఫలకముయొక్క ఊపును తనంతట లిఖించు పరికరమును నిర్మించి, సరస్సుమీద నుంచి పరిశీలించిరి. బండి నడచునపుడు దాని క్రింది వంపు బండితోపాటు కదలును. ఆ వంపునకు లోబడి అడుగునీటిలో ఒక అల పుట్టును. నీటి అలకు తనదైన సహజవేగ మొకటి కలదు. లోతు తక్కువయైన కొలది ఆ వేగమును తగ్గును. బండి మెల్లగా పోవుచున్నంతకాలము అల చెదరిపోవుచునే యుండును. బండివేగము అలవేగముతో సమానమైనపుడో, బండి పుట్టించు కదలికలన్నియు వెనుకకు చెదరక, ఒకదానిపై నొకటి చేరి, ఫలకము ఓర్వలేనంత ఎత్తుగా పెరుగును. పది మీటర్ల లోతుగల నీటిలో ఆ ప్రమాదవేగము ఇంచుమించు గంటకు 35 కిలోమీటర్లు. మరణభయముతో తొందరపడు డ్రైవరు సహజముగా అందుకొను వేగము గూడ అదియే యగుట దైవదుర్విపాకము గాక మరేమి?

> గట్టు చేరునపుడు జాగ్రత్త యేల?
> బండి ముందుగా పరువెత్తు అల గట్టును తాకి వెనుకకు మరలును. వచ్చు అలయు, మరలిన అలయు కలిసికొను చోట ఫలకము రెండింతలుగా వంగును. గట్టు సమీపించిన కొలది లోతు తగ్గుటచే ప్రమాదవేగమును తగ్గును. అందుచేత లారీలు గట్టువద్ద నడకవేగమునకు దిగును. వీలైన చోట్ల బాటను గట్టునకు సూటిగా గాక ఏటవాలుగా వేయుదురు. ఇదే కారణమున రెండు లారీలు దగ్గర దగ్గరగా పోరాదు. ఎదురెదురుగా దాటుచు వేగము హెచ్చింపరాదు.

బండి లోపలి శీతము

ఇక బాట సిద్ధమైనది, బండి నడువవలెను. మాఘమాసపు తెల్లవారుజామున మన వంటింటిలో నేతిగిన్నె వంచినను నెయ్యి జారదు. కాని అది గట్టిపడుటకు ముందు ఒక దశ యున్నది: ద్రవముగానే యుండి, లోపల పూసపూసగా తెల్లని పలుకులు కట్టుట. డీజిలుకు వచ్చు ఆపద సరిగా ఆ దశలోనిదే. డీజిలులో సహజముగా మైనపు జాతికి చెందిన పదార్థములు కరగియుండును. చలి హెచ్చిన కొలది అవి సన్నని స్ఫటికములై విడివడును. డీజిలు పూర్తిగా పేరుకొనువరకు ఇంజను ఆగక వేచియుండదు. ఆ స్ఫటికములు వడపోత కాగితముయొక్క సూక్ష్మరంధ్రములను మూసివేసిన క్షణముననే, తొట్టి నిండ ఇంధన మున్నను, ఇంజను దప్పికతో ఆగిపోవును. మన లద్దాఖులో సయితము ఈ బాధ చిరకాలముగా నున్నదే. శీతకాలమున అచ్చటి డ్రైవర్లు డీజిలులో కిరోసిను కలుపుట, తొట్టిక్రింద మంట పెట్టుట సామాన్యమై యుండెను. 2019లో ఇండియన్ ఆయిల్ సంస్థ మైనస్ 33 డిగ్రీల వరకు జారుడు కోల్పోని శీతకాలపు డీజిలును అచ్చటికి పంపనారంభించినది. మైనపు పాలు తగ్గించి, మిగిలిన స్ఫటికములను పెద్దవి కానీయని ద్రవ్యములను చేర్చుట ఇట్టి ఇంధనముల తయారీలోని కీలకము.

పెట్రోలున కీ మైనపు జబ్బు లేదు. అందుకే యాకుతియా పల్లెలలో పెట్రోలుతో నడచు ఉవాజ్ బండి నేటికిని గౌరవము పొందుచున్నది. 1965 మొదలు ఇంచుమించు మారని రూపముతో, రొట్టె ఆకారమున నుండు ఈ బండిని అచ్చటివారు బుఖాంకా అని, అనగా రొట్టె అనియే, పిలుతురు. అందలి ప్రతి భాగమును దారిలోనే విప్పి బాగుచేసికొనవచ్చును. లక్షలు పోసి కొన్న క్రొత్త వాహనములకంటె ఇదియే అట్టి దారులకు తగినదని నా అభిప్రాయము, అందు నడుము నొప్పి అనివార్యమే యైనను. అయితే పెట్రోలునకు వేరొక చిక్కున్నది. మండునది పెట్రోలు ద్రవము కాదు, దాని ఆవిరి. మైనస్ 40 దాటిన పిమ్మట ఆవిరియే అరుదగును. కనుక ఇంజనును ముందుగా వేడిచేయక తప్పదు.

బ్యాటరీ సంగతి మరియు విచారకరము. అందు విద్యుత్తు పుట్టుట రసాయన క్రియవలన. ఆ క్రియ చలిలో మందగించును. మైనస్ 18 డిగ్రీల వద్దనే మామూలు సీసపు బ్యాటరీ తన శక్తిలో ఇంచుమించు సగమే ఈయగలదు. అదే సమయమున ఇంజనులోని నూనె చిక్కబడి, తిప్పుటకు ఎన్నో రెట్లు బలము కోరును. రాబడి సగమై ఖర్చు ఇబ్బడియైన సంసారము ఎట్లు సాగును? పైగా నిండుగా ఛార్జి యున్న బ్యాటరీలోని ఆమ్లము మైనస్ 60 వరకు గడ్డకట్టదు. ఖాళీయైన బ్యాటరీలో మిగులునది ఇంచుమించు నీరే గనుక మైనస్ 10 ప్రాంతముననే గడ్డకట్టి, పెట్టెనే పగులగొట్టును. బలహీనునికే దెబ్బ యెక్కువ. అందుచేత రాత్రి బ్యాటరీని విప్పి, ఇంటిలో పొయ్యిచెంత పెట్టుకొని నిద్రించువారు అచ్చట పెక్కుమంది.

> రెండును గడ్డకట్టునవే, కలిసిన గడ్డకట్టవు
> రేడియేటరులో నీటికి బదులు గ్లైకాలు పోసిన చాలునని కొందరు తలతురు. శుద్ధమైన ఇథిలీన్ గ్లైకాలు మైనస్ 13 ప్రాంతముననే గడ్డకట్టును. నీరు సున్నవద్ద గడ్డకట్టును. రెంటిని సగము సగము కలిపినచో మైనస్ 37 వరకు ద్రవముగనే నిలుచును. గ్లైకాలు పాలు కొంత హెచ్చించిన ఇంకను దిగువకు పోవును. స్ఫటికము కట్టుటకు ఒకే జాతి అణువులు క్రమముగా వరుసతీరవలెను. ఇరు జాతులు కలిసియున్నపుడు ఒకటి రెండవదాని వరుసను చెడగొట్టుచుండును. గ్లైకాలు మరీ మించినచో లాభము తగ్గుట, మోతాదు మించిన ఔషధము వికటించుటకు చక్కని దృష్టాంతము.

యాకుత్‌స్క్‌లో శీతకాలమంతయు బండి యజమానులు వేడిచేసిన గ్యారేజీని గాని, ఇంజనుపై కప్పు దట్టమైన ఉన్నిబొంతను గాని, కొన్ని నిమిషముల కొకసారి తనంతట ఇంజను నడుపు యంత్రాంగమును గాని ఆశ్రయింతురు. దూరప్రయాణములలో రాత్రియంతయు ఇంజనును ఆపకయే యుంచుదురు. కిటికీలకు రెండవ అద్దపు పలక నంటింతురు; రెంటి నడుమ నున్న గాలి, ప్రయాణికుల శ్వాసలోని ఆవిరి అద్దముపై మంచై కట్టకుండ కాపాడును. ఇంజను వదలు పొగలోను ఆవిరి చాల యుండును: ఒక లీటరు పెట్రోలు మండిన ఇంచుమించు ఒక లీటరు నీరు పుట్టును. ఆ నీరు వెలువడినంతనే సూక్ష్మ హిమకణములై గాలిలో నిలిచిపోవుటచేత గూడ ఆ నగరమును మసకమంచు కప్పియుండును. బండి మంచులో చిక్కి, పొగగొట్టము మూసికొనిపోయినచో, పొగలోని విషవాయువు లోనికి చేరి నిద్రించువారిని మేల్కొననీయదు. చలికంటె ముందుగా ప్రాణము తీయునది ఇదియే గనుక, ఆగిన బండిలో మొదట చూడవలసినది పొగగొట్టమును.

టైరులో గాలి తీయుట

బాట లేని చోట, మెత్తని మంచుపొడిమీద పోవలసివచ్చినపుడు సమస్య తలక్రిందులగును. ఇచ్చట విరుగుటకు ఫలకము లేదు, దిగబడుటయే భయము. ఐస్‌లాండు దేశస్థులు హిమానీనదములపై శీతకాలమున జీపులు నడుపుటలో ఆరితేరినవారు. వారి బండ్ల టైర్లు 38 మొదలు 44 అంగుళముల ఎత్తు. మంచు చేరగానే వారు చేయు మొదటిపని ఆ టైర్లలోని గాలిని తీసివేయుట. టైరు నేలపై వేయు ఒత్తిడి, ఇంచుమించు అందలి గాలి ఒత్తిడికి సమానము. రోడ్డుమీద చదరపు అంగుళమునకు 30 పౌండ్ల చొప్పున నున్న గాలిని 3, 4 పౌండ్లకు దించినచో, అంతే బరువును మోయుటకు టైరు లెక్కప్రకారము ఏడు మొదలు పది రెట్లు నేలను ఆక్రమింపవలెను. టైరు గోడల బిరుసువలన వాస్తవమున అంత జరుగకపోయినను, టైరు ముందు వెనుకలకు చాలదూరము పొడవుగా సాగి, మంచుపై పరచుకొని, బండిని తేల్చును. మనిషి అడుగు దిగబడు చోట రెండు టన్నుల జీపు సాగిపోవు విడ్డూరము ఇట్లు సాధ్యమగుచున్నది. తిరిగి రోడ్డెక్కునపుడు మరల గాలి నింపక వేగముగా పోయినచో, ఆ మెత్తని గోడలు మడతపడి మడతపడి వేడెక్కి చినుగును. అంచు ఊడిపోయిన టైరును మరల చక్రమునకు బిగించుటకు వారు మండు వాయువును లోపలికి చిమ్మి నిప్పంటింతురు. చూచుటకు వినోదమే గాని, నేర్వవలసిన విద్య కాదు.

నీటిగడ్డ జారుటకు కారణము దాని ఉపరితలపు అణువులు లోపలివానివలె గట్టిగా బంధింపబడక, ఇంచుమించు ద్రవమువలె చలించు పలుచని పొరగా నుండుట. చలి హెచ్చిన కొలది ఆ పొర సన్నగిలును. కనుక సున్నకు కొంచెము దిగువనున్న గడ్డ మిక్కిలి ప్రమాదకరము. మైనస్ 40 వద్ద అదే గడ్డపై చక్రమునకు మంచి పట్టు చిక్కును. యాకుతియా డ్రైవర్లు నడి శీతకాలముకంటె శీతకాలపు మొదటి, చివరి వారములకే ఎక్కువ భయపడుటలో న్యాయమున్నది.

బరువును పంచు ఉపాయమునకు మరియొక నిదర్శనము: దక్షిణ ధ్రువమునకు మొట్టమొదట మోటారు బండ్లమీద చేరిన ఎడ్మండ్ హిల్లరీ బృందము, 1958 జనవరి 4వ తేదీని అచ్చట దిగినది వేటిమీద ననుకొందురు? పొలము దున్ను ఫెర్గూసన్ ట్రాక్టర్లమీద. చక్రములకు గొలుసుపట్టాలు తొడిగి, బరువును వెడల్పుగా పంచుటయే అందలి మర్మము. అదే సాహసయాత్రలో ఖండమును ఈ తీరమునుండి ఆ తీరమునకు దాటిన వివియన్ ఫుక్స్ బృందమునకు, నాలుగు పట్టాల మంచుబండ్లతో, 99 దినములు పట్టెను. అది అచ్చటి వేసవి.

పెళుసుబారు ఇనుము, కుంచించుకొను ఋతువు

మామూలు ఉక్కు వెచ్చగా నున్నపుడు దెబ్బకు వంగును; తీవ్రమైన చలిలో వంగక విరుగును. లోపలి స్ఫటికముల పొరలు ఒకదానిపై నొకటి జారుటకు కొంత ఉష్ణశక్తి కావలెను. అది కొరవడినపుడు పగులు పుట్టి క్షణములో దూసికొనిపోవును. రబ్బరును అట్లే బిరుసెక్కును: రాత్రియంతయు నిలిచిన టైరు, క్రిందిభాగమున చదునుగా గడ్డకట్టి, ఉదయమున కొన్ని కిలోమీటర్లు గుదిగుదిగా కొట్టుకొనును. యాకుత్‌స్క్ ప్రాంతమునుండి మగదాన్ రేవుపట్టణము వరకు ఇట్టి చలిలోనే సాగు కొలిమా రహదారి సుమారు 2,000 కిలోమీటర్లు. స్టాలిన్ కాలమున బందీలచే కట్టింపబడి, వారిలో లెక్కలేనంతమందిని పొట్టబెట్టుకొనినందున, దానిని ఎముకల బాట యందురు. 1933లో మైనస్ 67.7 డిగ్రీలు నమోదైన ఒయిమ్యకోన్ ఆ మార్గపు ప్రాంతములోనిదే. ఆ బాటపై ఒంటరిగా ఒక బండిలో బయలుదేరుట అవివేకమని ఎంచుదురు. రెండు బండ్లు జతగా పోవలెను, దారిలో ఆగియున్న బండిని చూచి దాటిపోరాదు. ఇంజను ఆగిన పిదప మనిషికి మిగులు సమయము గంటల లెక్క.

చలిపై ఆధారపడిన బాట, చలి తగ్గిన నిలువదు. 2006 శీతకాలము కెనడాలో అసాధారణముగా వెచ్చనగుటచే టిబ్బిట్–కాంట్వాయ్‌టో బాటపై ఫలకము చాలినంత దళసరి కాక, ముందుగానే మూయవలసివచ్చెను. గనులకు చేరని సరకును విమానములమీద తరలింపవలసి, ఖర్చు పలురెట్లు పెరిగెను. మందమునకును బరువునకును గల లెక్క ఇచ్చట ఎదురు తిరుగును: మందము మూడింట ఒకవంతు తగ్గిన, మోయగల బరువు సగముకంటె తక్కువకు పడిపోవును. గని యజమానికి అది ధననష్టము. ఇట్టి సరస్సులకు ఆవల నున్న చిన్నపల్లెలలో, ఏడాది కొకసారి బాట తెరచినపుడు బియ్యము, డీజిలు, ఇటుకలు తెచ్చుకొను కుటుంబములకు విమానపు కిరాయి భరించు శక్తి లేదు. శాశ్వతమైన రోడ్డు వేయుదమన్న అడుగుననున్న గడ్డనేలయే కరగి క్రుంగుచున్నది. అందుచే అచ్చటి ప్రభుత్వములు ఇప్పుడు బాటలను సరస్సులమీదనుండి నేలమీదికి కొంత కొంతగా మరల్చుచున్నవి. అట్టి మార్గము పొడవు, ఎగుడుదిగుడు, ఖర్చు మూడును హెచ్చు. లారీ డ్రైవర్లకు మాత్రము గంటకు 25 కిలోమీటర్ల నియమముండదు.